ఎండాకాలం, పిల్లలు, గ్రంథాలయం

తెలుగు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా, సుమారు 7 వారాలు ఉంటాయి. ఆ రోజుల్లో పౌర గ్రంథాలయాలు పిల్లల కోసం నడిపే కార్యక్రమానికి వేసవి విజ్ఞాన శిబిరం అని పేరు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ, శాఖా గ్రంథాలయాల్లోనూ ఎండ ముదరకముందే పిల్లలను కూర్చోబెట్టి కథలు చదివిస్తారు, చదివిన కథను సొంత మాటల్లో చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు, చదరంగం ఆడిస్తారు, ఆఖరి రోజున బహుమతులు ఇస్తారు. శిబిరం అన్న మాట ఈ మధ్యది. పాఠ్యపుస్తకం కాని పుస్తకాన్ని వెతికి తెచ్చి జనం చేతికి అందించాలన్న ఆలోచన మాత్రం తెలుగునాట నూరేళ్లకు పైబడినది. గ్రంథాలయోద్యమం ఆ ఆలోచనతోనే ఊరూరా తిరిగింది. పిల్లల వేసవి చదువు దాని కొనసాగింపే.

పందొమ్మిదో శతాబ్దపు వీధిబడికి వేసవి సెలవులంటూ విడిగా ఉండేవి కావు. అమావాస్య, పౌర్ణమి, పాడ్యమి, అష్టమి వంటి తిథుల్లో చదువు మానేవారు. అవి అనధ్యయన దినాలు. పండగలకూ కోతలకూ బడి దానంతట అదే పలచబడేది. ఎండాకాలంలో వారాల తరబడి బడి మూసే పద్ధతి ఇంగ్లీషు చదువుల బడులు, కాలేజీలు, కోర్టులతో పాటు వచ్చింది. అప్పటికి పిల్లలు చదివేవి పెద్ద బాలశిక్ష, శతకాలు, ఎక్కాలు. అవన్నీ వల్లె వేసి అప్పజెప్పడానికే. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చి కథలను వచనంలో అందించింది గాని, అదీ త్వరలోనే పాఠ్యపుస్తకమై అర్థతాత్పర్యాల్లో చిక్కుకుంది. పరీక్ష లేని పుస్తకం అంటూ పిల్లలకు లేదు. ఉన్నా దాన్ని కొనగలిగే ఇళ్లు తక్కువ.

1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి సరస్వతీ నిలయం పేరుతో ఒక గ్రంథాలయం పెట్టారు. ఆంధ్ర ప్రాంతంలో ప్రజల కోసం పుట్టిన తొలి గ్రంథాలయంగా దానినే చెప్తారు. ఆ తర్వాత గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల పట్టణాల్లో ఒక్కొక్కటిగా పఠన మందిరాలు వచ్చాయి. వాటి పేర్లలోనే అప్పటి వారి తలంపు కనిపిస్తుంది. 1911లో బెజవాడలో వెలసినదాని పేరు రామమోహన ధర్మ పుస్తక భాండాగారం. ధర్మసత్రం, ధర్మాసుపత్రి అన్నప్పుడు ‘ధర్మ’ అంటే ఏమిటో ఇక్కడా అదే: డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేది. అన్నానికీ మందుకూ పక్కన పుస్తకాన్ని నిలబెట్టిన మాట అది. భాండాగారం అన్న మాటలో మాత్రం దాచిపెట్టే చోటు అన్న ధ్వని ఉంది. కొద్దికాలంలోనే ఆ మాట వెనక్కిపోయి గ్రంథాలయం నిలబడింది.

నిజాం రాజ్యంలో కథ వేరు. అక్కడ రాజభాష ఉర్దూ, పై చదువులు ఉర్దూలో. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనా ఉర్దూలోనే సాగింది. తెలుగు ఇంటి భాషగా మిగిలిపోయిన చోట తెలుగు పుస్తకాల గది ఒక గ్రంథాలయంగానే ఆగలేదు, పెద్దలకూ పిల్లలకూ కూడా అదే తెలుగు బడి అయింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి మూలస్తంభాలు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. వీటికి పెట్టుకున్న పేర్లలో రాయలూ రాజరాజూ ఉండడం యాదృచ్ఛికం కాదు. తెలుగు చదవడమే ఒక ప్రకటనగా ఉన్న రోజులవి.

గ్రంథాలయాలు వస్తున్నాయి సరే, వాటిలో పెట్టడానికి పుస్తకాలేవి? పురాణాలు, ప్రబంధాలు, కొన్ని నాటకాలు ఉన్నాయి. హైస్కూలు చదివే కుర్రవాడు సెలవుల్లో ఇంటికొచ్చి తనంతట తాను చదువుకోగల చరిత్ర, సైన్సు, జీవిత కథలు తెలుగులో దాదాపు లేవు. ఆ లోటు తీర్చడానికే 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథ మండలి పుట్టి, తర్వాత మద్రాసుకు మారింది. దాని తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. పేద ఇంట పుట్టి, దొరికిన పుస్తకమల్లా చదివి పెద్దవాడైన మనిషి కథను మొట్టమొదట ఎంచుకోవడంలోనే ఆ మండలి ఎవరిని పాఠకులుగా ఊహించుకుందో తెలుస్తుంది. గాడిచర్ల ఆ తర్వాత జీవితమంతా వయోజన విద్యకూ గ్రంథాలయోద్యమానికీ ధారపోశారు.

ఈ విడివిడి ప్రయత్నాలను ఒక్క తాటి మీదకు తెచ్చినది అయ్యంకి వెంకటరమణయ్య. 1914 ఏప్రిల్ 10న, నడి వేసవిలో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. రైళ్లూ కాలువలూ కలిసే ఊరు కాబట్టి నాలుగు జిల్లాల వారూ చేరుకోగలిగారు. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దేశంలో గ్రంథాలయాలకు ఏర్పడిన తొలి సంఘాల్లో ఇదొకటి. సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్ననాటి నుంచీ చూపు సరిగా లేక, ఇతరుల చేత చదివించుకుని వినడం, తాను చెప్పి రాయించడం అలవాటు చేసుకున్న రచయిత ఆయన. ఆ పీఠానికి ఆయనకన్నా తగినవారు దొరకరు. ఎందుకంటే ఆనాటి తెలుగు పల్లెలో చదువు అంటే ఎక్కువ మందికి వినడమే. ఒకరు చదువుతారు, పదిమంది వింటారు.

అయ్యంకి ఆ పనిని ఆంధ్రదేశంతో ఆపలేదు. ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక పెట్టి ఏ ఊళ్లో ఏ గ్రంథాలయం ఉందో, ఎలా నడుస్తోందో అచ్చువేశారు. బరోడా సంస్థానంలో సయాజీరావు గాయక్వాడ్ నడిపించిన గ్రంథాలయ పద్ధతిని తెలుగువారికి పరిచయం చేశారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడానికి పట్టుబట్టి పని చేసినదీ ఆయనే. ఏటా నవంబరు 14 నుంచి జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలకు ఆ తేదీయే మూలం. అదే తేదీ బాలల దినోత్సవం కూడా కావడం తర్వాత జరిగిన మంచి కలయిక. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గ్రంథాలయ పితామహుడు అన్న పేరు జనం అంతకు చాలా ముందే ఇచ్చారు.

పల్లె గ్రంథాలయం అంటే చాలా చోట్ల ఒక పంచ, ఒక బీరువా, ఒక దినపత్రిక. జీతం పుచ్చుకునే మనిషి ఉండడు. చదువుకున్న కుర్రవాళ్లే వంతులు వేసుకుని తెరిచేవారు. వేసవి వచ్చి, కోతలూ నూర్పిళ్లూ అయిపోయి, పట్నంలో చదివే పిల్లలు ఇళ్లకు చేరినప్పుడు ఆ పంచకు కళ వచ్చేది. రచ్చబండ మీద కృష్ణా పత్రికనో ఆంధ్రపత్రికనో ఒకరు గట్టిగా చదువుతుంటే వినడానికి చుట్టూ చేరేవారు. వార్తలు విన్న పిల్లలు నెమ్మదిగా బీరువా వైపు నడిచేవారు. ఇందులో ఒక నిజం దాచకూడదు. పంచ ఏ వీధిలో ఉందన్నదాన్ని బట్టే ఎవరు మెట్టెక్కగలరో తేలేది. అంటరానితనం గట్టిగా పాటించే ఊళ్లో మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు ఊరి నడుమ గది ఎంత దగ్గరగా ఉన్నా దూరమే. ఆడపిల్లలకూ అంతే. పుస్తకం తానే కదిలి వెళ్లకపోతే అందనివారు ఊరిలో సగానికి పైగా ఉన్నారు.

పుస్తకాన్ని కదిలించినవారిలో ముందు చెప్పవలసిన పేరు పాతూరి నాగభూషణం. గుంటూరు జిల్లా పెదపాలెం ఆయన ఊరు. అక్కడి సేవాశ్రమం గ్రంథాలయం తరఫున 1935లో ఆయన పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పుస్తకాల పెట్టెలతో పడవ సాగేది. డెల్టాలో అప్పటికి రోడ్లు తక్కువ. ధాన్యమైనా మనుషులైనా కాలువ దారినే వెళ్లాలి. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే పడవ మెల్లగా కదులుతుంది, రేవు రేవుకూ ఆగుతుంది. బిందెలతో వచ్చినవారు, గేదెలు కడగడానికి వచ్చినవారు, ఈత కొట్టే పిల్లలు అందరూ రేవులోనే ఉంటారు. ఊరి నడుమ పంచ మెట్లెక్కడానికి జంకేవారికి రేవు అంత పరాయి చోటు కాదు. చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకోవచ్చు, పడవ మళ్లీ వచ్చేదాకా గడువు. ఒక్కటే చిక్కు: ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువలో పడవ కదలదు. పిల్లలకు తీరిక ఉన్న రోజుల్లోనే నీటిదారి ఎండిపోయే ఆ చోట పుస్తకాల మూట మనిషి భుజానికి ఎక్కక తప్పదు.

తెలంగాణలో ఆ మూటను నిజంగానే మోసిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చయిన పుస్తకాలను తానే ఊరూరా తిరిగి అమ్మారు. సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావలసిన రాజ్యంలో గ్రంథాలయం తెరవడం చిన్న సాహసం కాదు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక ప్రారంభించాక, ఊళ్లలో గ్రంథాలయాల వార్తలు ఒకచోట చేరే వీలు కలిగింది. నిజాం రాజ్యంలోని తెలుగువారి ఆంధ్రజన సంఘం కార్యకర్తలు ఊరికి వెళ్తే పాఠశాల, గ్రంథాలయం అన్న రెండు మాటలూ కలిపే చెప్పేవారు.

కోస్తాలో ఇదే కాలంలో నిలిచి నేటికీ ఉన్నది వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో ఒక చేనేత ఊరి యువకులు, వ్యాపారులు కలిసి పెట్టుకున్న ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్ర అక్కడే భద్రంగా ఉంది. పాత పత్రికల సంపుటాల కోసం దూరదేశాల పరిశోధకులు కూడా ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఉద్యమం చట్టం రూపం తీసుకుంది. ఎస్.ఆర్. రంగనాథన్ పట్టుదలతో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అలాంటి చట్టం అదే మొదటిది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టం చేసుకుంది. రెండు ప్రాంతాలూ ఒక్కటయ్యాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వాటి స్థానంలోకి వచ్చింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, చిన్న ఊళ్లలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు, ఇదీ ఏర్పాటు. వీటి ఖర్చుకు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. రూపాయి పన్ను మీద 8 పైసలు. చందాలూ పిడికెడు బియ్యాలూ పోగు చేసి నడిపిన గదికి చట్టబద్ధమైన రాబడి దొరికింది. ఇది చాలా పెద్ద విజయం. దానితో పాటు ఒక నష్టమూ జరిగింది. గ్రంథాలయం సర్కారుది అయ్యాక, వంతులు వేసుకుని తలుపు తెరిచిన కుర్రవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

పిల్లల పుస్తకాల సంగతికి వస్తే 1940ల నుంచి దృశ్యం మారింది. రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ‘బాల’ పత్రికను 1945లో తెచ్చారు. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి ‘చందమామ’ ప్రారంభించారు. 1952 నుంచి 1980 దాకా దానికి సంపాదకుడిగా పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు వాక్యాన్ని ఎంత తేలిక చేశారంటే, అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు కూడా తోడు లేకుండా కథ చివరిదాకా వెళ్లగలిగాడు. తెలుగులో పిల్లల చదువుకు ఇంతకన్నా గొప్ప మేలు మరెవరూ చేయలేదనడం అతిశయోక్తి కాదు. చదివి వినిపించే పెద్దవారి అవసరం లేని పుస్తకం మొదటిసారి పిల్లల సొంతమైంది.

శాఖా గ్రంథాలయంలో చందమామ బల్ల మీద ఎక్కువసేపు ఉండేది కాదు. కొత్త సంచిక వచ్చిన రోజు ఒకరు చదువుతుంటే ఇద్దరు భుజాల మీదుగా తొంగి చూసేవారు. పేజీ తిప్పడానికి ముగ్గురూ ఒప్పుకోవాలి. ఏడాది గడిచాక 12 సంచికలూ కలిపి అట్టలు వేసి, వీపున గుడ్డ అంటించి బైండు చేయించేవారు. ఆ బైండు పుస్తకమే వేసవికి అసలు ఆస్తి. నెలకొక భాగంగా వచ్చిన సీరియల్‌ను మధ్యాహ్నం పూట ఒక్క ఊపున చదివేయవచ్చు. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ వంటి సీరియళ్లను రెండో తరం, మూడో తరం పిల్లలు చదివింది ఇలాంటి బైండుల్లోనే. వేలి ముద్రలతో మూలలు నల్లబడి, పులుసు మరకలు పడి, మధ్యలో రెండు కాగితాలు పోయి ఉన్నా దాని కోసం పేరు రాయించుకుని వారం ఎదురుచూసేవారు.

అమ్మమ్మల ఊళ్లకు వెళ్లిన పిల్లలకు గ్రంథాలయ సభ్యత్వం ఉండేది కాదు. ధరావతు కట్టి, హామీ సంతకం పెట్టించుకుంటే గాని పుస్తకం ఇంటికివ్వరు. నెల రోజుల అతిథికి ఆ తతంగం కుదరదు. ఆ ఖాళీని అద్దె పుస్తకాల షాపులు నింపాయి. 1960ల నుంచి 1980ల దాకా ప్రతి పట్నంలో, పెద్ద ఊళ్లలో సందు చివర ఇవి ఉండేవి. రోజుకింత అని అద్దె కట్టి యద్దనపూడి సులోచనారాణి, మధుబాబు, యండమూరి నవలలు తెచ్చుకునేవారు. పెద్దల కోసం తెచ్చిన నవలను అద్దె గడువు తీరేలోగా ఇంట్లో పిల్లలు కూడా చదివేసేవారు. గ్రంథాలయ చరిత్ర రాసేవారు ఈ షాపులను లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలి. వేసవిలో చదివే అలవాటును ఒక తరానికి నేర్పినవాటిలో వీటి వాటా పెద్దది. మరో వాటా మాస్కో నుంచి వచ్చిన పుస్తకాలది. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు అనువాదాలు విశాలాంధ్ర పుస్తకశాలల్లో చాలా చౌకగా దొరికేవి. గట్టి అట్ట, రంగుల బొమ్మలు, మంచు కురిసే ఊళ్ల కథలు నడి ఎండలో చదివిన పిల్లలు వాటిని నేటికీ మరచిపోలేదు. సోవియట్ యూనియన్ కూలడంతో ఆ దారి మూసుకుపోయింది.

సెలవుల చదువును గ్రంథాలయమే ఒక పద్ధతిగా నడపడం అమెరికాలో 1890ల్లో మొదలైంది. క్లీవ్‌లాండ్ నగర గ్రంథాలయంలో లిండా ఈస్ట్‌మన్ పిల్లల కోసం పుస్తకాల జాబితాలు తయారుచేయించి, చదివేవారితో సంఘం కట్టించారు. బ్రిటన్‌లో 1999 నుంచి సెలవుల్లో 6 పుస్తకాలు చదివించే పోటీ నడుస్తోంది. వీటి అవసరాన్ని లెక్కలతో చూపినవారు బార్బరా హేన్స్. అట్లాంటా నగరంలో ఆరు, ఏడు తరగతుల పిల్లల మీద అధ్యయనం చేసి 1978లో ఆమె ప్రచురించిన పుస్తకం ఒక సంగతి తేల్చింది: బడి ఉన్న రోజుల్లో కన్నా సెలవుల్లోనే పేద, కలిగిన ఇళ్ల పిల్లల మధ్య అంతరం ఎక్కువగా పెరుగుతోంది. వేసవిలో పిల్లలకు మేలు చేస్తున్న సంస్థల్లో అన్నిటికన్నా ముందున్నది పౌర గ్రంథాలయమేనని కూడా ఆ పుస్తకం చెప్పింది. కాలువ గట్టున పడవ ఆపిన పాతూరి వారికి ఈ లెక్కలు తెలియవు. పుస్తకం కొనలేని ఇంటికి పుస్తకం చేరాలన్న సంగతి మాత్రం బాగా తెలుసు.

తెలుగు రాష్ట్రాల వేసవి శిబిరాలు ఇటీవలి దశాబ్దాల్లో పౌర గ్రంథాలయ శాఖ ఆధ్వర్యంలో స్థిరపడ్డాయి. వీటి జయాపజయాలు గ్రంథాలయాధికారి చొరవ మీద ఆధారపడతాయి. చొరవ ఉన్న చోట పొద్దున 8 గంటలకే పిల్లలు చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. రిటైరైన టీచరో, ఊరి రచయితో ఒక కథ సగం చదివి ఆపుతారు. తర్వాత ఏమవుతుందో ఒక్కొక్కరు ఊహించి చెప్పాలి. అసలు ముగింపు తెలియాలంటే బీరువాలోంచి పుస్తకం తీసుకుని చదువుకోవాలి. ఇంత చిన్న ఉపాయం చాలు, బీరువా చుట్టూ గుమికూడడానికి. చొరవ లేని చోట శిబిరం ప్రారంభోత్సవం నాడు ఫొటోతో మొదలై, ముగింపు నాడు సర్టిఫికెట్లతో అయిపోతుంది. నడుమ రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్ పాఠం తప్ప చదువు ఉండదు. సెలవుల్లోనూ పిల్లలకు పాఠమే చెప్పడం శిబిరం ఉద్దేశానికి విరుద్ధం.

కరోనా కాలంలో బడులు నెలల తరబడి మూతపడ్డప్పుడు ఈ పని విలువ అందరికీ తెలిసొచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020 నవంబరులో ‘చదవడం మాకిష్టం’ అన్న కార్యక్రమాన్ని, తెలంగాణ 2022 ఫిబ్రవరిలో 100 రోజుల ‘రీడ్’ కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. రెండూ బడుల కేంద్రంగా సాగినవే. అయినా పాఠ్యపుస్తకం చదవడం వేరు, చదవడం అలవాటు కావడం వేరు అని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం మంచి మలుపు.

వేసవికి ఏ పుస్తకాలు చదవమని చెప్పాలన్నది ఎప్పుడూ తెగని చర్చ. తొలినాటి గ్రంథాలయాల వారు మహాపురుషుల చరిత్రలు చదవమన్నారు. బడుల్లో ఇచ్చే జాబితాలు నేటికీ నీతికథల దగ్గరే ఆగుతాయి. నీతి ముందే తెలిసిన కథను పిల్లలు తమంతట తాము తీయరు. అనుభవంలో నిలిచిన పుస్తకాలు వేరే రకం. అక్షరాలు కొత్తగా కూడబలుక్కునే పిల్లలకు పేజీకి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మ ఉన్న నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వారి పుస్తకాలు సరిపోతాయి. 8 నుంచి 11 ఏళ్ల వారికి చందమామ పాత సంపుటాలు, ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’. బాపు బొమ్మలు లేని బుడుగు ప్రతిని పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆ కథలో సగం బొమ్మల్లోనే ఉంది. బడి అంటే విసుగు పుట్టిన పిల్లలకు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘రైలుబడి’, జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి చిన్ననాటి కథ. సైన్సు మీద ఆసక్తి ఉన్నవారికి పెరెల్మాన్ ‘నిత్యజీవితంలో భౌతికశాస్త్రం’. హైస్కూలు దాటుతున్నవారికి మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’, సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. ఆ వంద కథల్లో చాలావరకు రెండు మూడు పేజీలవే. రోజుకు మూడేసి చదివితే సెలవులు అయ్యేలోగా పూర్తవుతాయి. ఈ జాబితాకు ఊరి కథలు కలవాలి. రాయలసీమ పిల్లలకు నామిని కథలు, గోదావరి పిల్లలకు వంశీ కథలు చదివి వినిపిస్తే తమ ఇంటి మాట అచ్చులో వినబడుతుంది. పుస్తకం తనదేనని పిల్లలకు నమ్మకం కుదిరేది అక్కడే.

శిబిరాలకు ఉన్న ఇబ్బందులు దాచుకోవలసినవి కావు. పట్టణ గ్రంథాలయాల్లో కుర్చీలన్నీ పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగ యువతతో నిండి ఉంటాయి. వారి అవసరం న్యాయమైనదే, వారికీ వేరే చోటు లేదు. వారి నిశ్శబ్దానికీ పిల్లల కథల సందడికీ ఒకే గది సరిపోదు. చాలా శాఖల్లో ఖాళీ అయిన గ్రంథాలయాధికారి పోస్టు భర్తీ కాక, ఒకరే రెండు మూడు చోట్ల తాళాలు తీస్తున్నారు. వసూలు చేసిన గ్రంథాలయ సెస్సును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉంది. కొత్త పిల్లల పుస్తకాలు కొనే పద్దు మొదట తెగేది ఆ బకాయిల వల్లే.

ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ సెస్సుకు ఒక గడి ఉంటుంది. సొంత ఇల్లున్న ప్రతి కుటుంబమూ ఆ సొమ్ము ఏటా కడుతూనే ఉంది. శాఖా గ్రంథాలయంలో పిల్లల బీరువా తాళం తీయమని, ఈ ఎండాకాలం శిబిరం పెట్టమని, కిందటేడు కొన్న పిల్లల పుస్తకాల పట్టీ చూపమని వెళ్లి అడగాలి. అడిగే హక్కు ఆ రసీదుతోనే వచ్చింది.